నొప్పి కాగితం

రెండు గంటలావిడ సరిగ్గా నాలుగింటికి బెల్లు కొడుతుంది. ఒక నిమిషం ముందు కాదు, ఒక నిమిషం తరవాత కాదు. ఆ కచ్చితత్వం చూస్తేనే కోడలికి సగం ఒళ్ళు మండేది. ఆవిడ చెప్పులు విప్పి, చేతులు మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని ముందుగదిలోకి అడుగు పెట్టగానే అత్తగారి ముఖం విప్పారే తీరు చూశాక మిగతా సగం కూడా మండేది.

రెండు గంటలావిడ అనే పేరు కోడలు పెట్టిందే. ఆవిడకి చక్కటి పేరు ఒకటుంది గానీ కోడలి నోటికి అది వచ్చేది కాదు. ఇక ఆస్పత్రిలో చేసేదేమీ లేదని తేలిపోయినవాళ్ళని, ఇంటి దగ్గరే నొప్పి లేకుండా చూసే హాస్పిస్ వాళ్ళు పంపిన మనిషి. సోమవారం, గురువారం పొద్దున నర్సు వస్తుంది. మంగళ, గురు, శనివారాలు నాలుగు నుంచి ఆరు దాకా ఈవిడ వచ్చి కూర్చుంటుంది. రిటైరైన లెక్కల టీచరు, జీతం భత్యం ఏమీ తీసుకోదు. నర్సు మొదటిరోజే చెప్పింది, ఆ రెండు గంటలూ నీవి అక్కా, పడుకో, బజారుకెళ్ళు, ఊరికే పార్కులో కూర్చో, ఇంట్లో మాత్రం ఉండకు అని. మూడు వారాలైంది. కోడలు ఒక్కరోజు కూడా గడప దాటలేదు. వంటింట్లో నిలబడి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ, సరిగ్గా మూతపడని తలుపు సందులోంచి వినేది. విశ్రాంతి తీసుకొమ్మని ఇచ్చిన వేళని ఇలా చాటుగా వినడానికి వాడుకున్న మనిషి ఆ సంస్థవాళ్ళకి ఇంకొకరు తగిలి ఉండరు.

ఇంతకీ వినడానికి ఏముంది? నవ్వులు. అత్తగారి నవ్వులు. అత్తగారు నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఆ మంగళవారం ఒక పోలీసాయన చొక్కాకి పొరపాటున జేబు వీపున కుట్టేసిన కథ చెప్పింది. ఆయన దాన్ని చూసుకోకుండా తొడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాడట. రెండు గంటలావిడ పగలబడి నవ్వింది. వంటింట్లో కోడలి చేతిలో గిన్నె ఆగిపోయింది. పదహారేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నారు. ఈ పోలీసాయన సంగతి తనకెప్పుడూ చెప్పలేదు.

తనతో మాటలంటే ఏముంటాయి? దిండు ఎత్తు. దిండు దించు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నీళ్ళు కాలిపోతున్నాయి. నడుం కింద చెయ్యి పెట్టు, అక్కడ కాదు, అబ్బా, అది చెయ్యేనా ఇనపకడ్డీనా. పొద్దున ఆరింటికి ఒళ్ళు తుడిచేది ఎవరు? రెండు గంటలకోసారి పక్క తిప్పి, వీపు మీద ఎర్రబడిందేమో చూసి పౌడరు అద్దేది ఎవరు? ఎండిన పెదాలకి తడిదూది అద్దేది, సూది లేని సిరంజిలోకి మార్ఫిన్ మందు గీత చూసి లాగి బుగ్గలో పోసేది ఎవరు? ఇంత చేస్తే తనకి దక్కేది ఇనపకడ్డీ. గడియారం చూసుకుని వచ్చి, గడియారం చూసుకుని పోయేవాళ్ళకి నవ్వులు.

మంచం తలవైపు గోడకి హాస్పిస్ వాళ్ళు ఒక కాగితం అతికించారు. పక్కనే దారంతో కట్టిన పెన్సిలు. రోజుకి మూడుసార్లు నొప్పి ఎంతుందో అడిగి అంకె వెయ్యాలి. సున్నా అంటే లేదు, పది అంటే ఇక భరించలేను అని. మీకేమనిపించిందో వెయ్యొద్దు, ఆవిడ నోటితో ఎంత అంటే అంత వెయ్యండి, మందు పెంచాలో వద్దో ఆ అంకెలు చూసే తేలుస్తాం అని నర్సు రెండుసార్లు చెప్పింది. కోడలు దాన్ని నొప్పి కాగితం అనేది. ఆ రోజు పొద్దున అడిగితే అత్తగారు ఏడు అంది. మధ్యాహ్నం ఎనిమిది. సాయంత్రం రెండు గంటలావిడ అడిగింది. కోడలి గీతలాంటి అంకెల పక్కన, నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా, ఆవిడ వేసిన అంకె కూర్చుంది. రెండు.

ఏడింటికి మొగుడు వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. రోజంతా స్టీరింగు తిప్పిన చేతులు విదుల్చుకుంటూ తల్లి మంచం దగ్గర నిలబడి కాగితం చూశాడు. మనిషి మంచివాడే, నోరే కాస్త జారుడు.

"నీ చేతి కింద ఎనిమిది, ఆవిడ చేతి కింద రెండు. మందేదో ఆవిడ దగ్గరే ఉన్నట్టుంది" అని నవ్వాడు.

కోడలు అతని ముందు కంచం పెట్టి వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం ఆమె వెంటే వంటింట్లోకి వచ్చింది.

*

బుధవారం పొద్దున ఒళ్ళు తుడవడం అయ్యాక అడిగింది, నొప్పి ఎంత అత్తయ్యా అని. ఎనిమిది అంది అత్తగారు, కళ్ళు తెరవకుండా.

కోడలు పెన్సిలు పట్టుకుని కాగితం ముందు నిలబడింది. పక్క గడిలో ఆ గుండ్రటి రెండు తన్నే చూస్తున్నట్టుంది. నిన్న సాయంత్రం రెండు ఉన్నది పొద్దుటికి ఎనిమిది ఎలా అవుతుంది? ఆవిడ కుర్చీలో కూర్చుంటే తగ్గి, తను చెయ్యి వేస్తే పెరిగే నొప్పి అసలు నొప్పేనా? ఇది కావాలని చెయ్యడం కాదూ? సోమవారం నర్సు ఈ కాగితం చూసి ఏమనుకుని ఉంటుంది? కోడలికి చేతకాదు, లేదంటే కోడలికి మనసు లేదు. రెండిట్లో ఏదో ఒకటి అనుకునే ఉంటుంది.

మూడు వేసింది.

వేశాక ఒక్క క్షణం చెయ్యి తేలికపడ్డట్టయింది. మధ్యాహ్నం అత్తగారు ఏడు అంటే మూడు వేసింది. సాయంత్రం ఎనిమిది అంటే రెండు వేసింది. ఎవరి సొమ్మూ దొంగిలించలేదు కదా, పెన్సిలు గీతలే కదా అనుకుంది.

నిజం చెప్పాలంటే ఆమెకి ఇంకొక సంగతి తెలుసు. అంకె అడగక్కర్లేకుండానే తెలిసే గుర్తు ఒకటుంది. నొప్పి పెరిగితే అత్తగారి బొటనవేలూ చూపుడువేలూ దుప్పటి అంచు పట్టుకుని, కుట్టు ఎక్కడుందో వెతుకుతున్నట్టు, ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తాయి. నొప్పి తగ్గితే ఆగిపోతాయి. ఎవరూ చెప్పలేదు, పక్కనే ఉండి చూసి చూసి తెలుసుకుంది. బుధవారమంతా ఆ వేళ్ళు నడుస్తూనే ఉన్నాయి. కోడలు వాటి వంక చూడకుండా పని చేసుకుంది.

*

గురువారం పొద్దున నర్సు వచ్చింది. పక్కబట్టలు మార్చడానికి సాయం పట్టింది. అత్తగారిని ఒక పక్కకి ఒత్తిగిల్లజేసి, పాత పక్కగుడ్డ వీపుదాకా చుట్టి, కొత్తది సగం పరిచి, ఇటు తిప్పి మిగతాది లాగి, పైన ఉతికిన దుప్పటి కప్పారు. ఇద్దరి చేతులూ బాగా కుదిరాయి. అప్పుడు నర్సు కాగితం వైపు తిరిగి చదువుకుంది.

ఎలా ఉంది పెద్దమ్మా నొప్పి అని అడిగింది. బాగానే ఉందమ్మా, రెండో ఏమో అని అత్తగారు చిరునవ్వు నవ్వింది. అరగంట క్రితం తనతో ఎనిమిది అన్న నోరే. చూశారా, నర్సుకీ రెండే, రెండు గంటలావిడకీ రెండే, ఊరందరికీ రెండే. ఎనిమిది ఒక్క తనకి. బుధవారం వేసిన అబద్ధపు అంకెలకి ఇప్పుడు సాక్ష్యం కూడా దొరికినట్టయింది.

"మందు పెంచుదామని డాక్టరుగార్ని అడిగే వచ్చాను అక్కా. ఈ అంకెలు చూస్తే అక్కర్లేదనిపిస్తోంది. ఇలాగే ఉంచుదాం" అంది నర్సు సంచీ సర్దుకుంటూ. గుమ్మం దగ్గర ఆగి, ఆవిడ వచ్చి కూర్చోవడం పెద్దమ్మకి బాగా పనిచేసినట్టుంది కదూ అని కూడా అంది.

చెప్పొద్దూ, కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తన గడుల్లో తను వేసుకున్న మూళ్ళకి కూడా మెప్పు వెళ్ళి ఆవిడ ఖాతాలోనే పడింది.

నాలుగింటికి బెల్లు మోగింది. ఆ రోజు రెండు గంటలావిడ అత్తగారి తల దువ్వింది. చిక్కులు చిన్న చిన్న పాయలుగా పట్టి, కింద నుంచి పైకి, ఒక్క వెంట్రుక తెగకుండా. కోడలు తలుపు సందులోంచి చూసింది. అత్తగారు కుడిచెయ్యి ఛాతీ మీద వేసుకుని హాయిగా నవ్వుతోంది. ఎడమచెయ్యి దుప్పటి కింద ఉంది. కాసేపటికి, ఆ బీరువా కింది అరలో పాత చీర ముక్కలో చుట్టిన వస్తువు ఒకటుంది, తీసుకురా అమ్మా అంది.

కత్తెర. పెద్ద ఇనప కత్తెర, పిడి చేతి వాటానికి అరిగి నున్నగా ఉంటుంది. పెళ్ళైన కొత్తలో కోడలు ఒకసారి దాంతో కాగితం కత్తిరించబోతే చేతిలోంచి లాక్కుని, ఇది ముట్టుకోకు, పదును పోతుంది అంది అత్తగారు. ఆ తరవాత పదహారేళ్ళలో కోడలు దాన్ని ముట్టుకుంటే ఒట్టు.

"ఇది నువ్వు తీసుకో. ఊరికే వస్తున్నావు, ఇంత కాలం నా కోసం కూర్చుంటున్నావు. ఖాళీ చేతుల్తో పంపడం నాకు బావుండదు" అంటోంది అత్తగారు.

రెండు గంటలావిడ వద్దండీ వద్దండీ అంది. అత్తగారు వినలేదు. ఆరింటికి ఆవిడ వెళ్ళేటప్పుడు సంచీలోంచి చీర ముక్క కొస బయటికి కనిపించింది. కోడలు తలుపు వేసి, గడియ పెట్టి, ఆ గడియ మీద చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు నిలబడింది.

*

శుక్రవారం ఎవరూ వచ్చే రోజు కాదు. ఇల్లంతా, ఒళ్ళు పుండ్లు పడకుండా మంచం మీద వేసిన గాలిపరుపు పంపు గురగురే. పొద్దున తొమ్మిది అంది అత్తగారు. కోడలు మూడు వేసింది. మధ్యాహ్నం మళ్ళీ తొమ్మిది అంది, ఈసారి గొంతు బొంగురుపోయింది. పక్క తిప్పుతుంటే పెద్దగా మూలిగి కోడలి మణికట్టు గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"అబ్బా, కాస్త మెల్లిగానే, చంపేస్తావా" అంది.

నిన్నటి కత్తెర కోడలి గొంతులో అడ్డంగానే ఉంది. అది మాటయి బయటికొచ్చింది.

"రేపు ఆవిడ వస్తుందిగా, అప్పటిదాకా ఓర్చుకోండి. ఆవిడ ముఖం చూస్తే దానంతటదే తగ్గిపోతుంది మీకు."

అత్తగారు ఏమీ అనలేదు. అంటే బాగుండును. మణికట్టు మీది చెయ్యి మెల్లిగా తీసేసి, ముఖం గోడవైపు తిప్పుకుంది. కోడలు దిండు సర్దింది, నీళ్ళు కావాలా అంది, జవాబు లేదు. సాయంత్రం మందు బుగ్గలో పోస్తే మింగింది. నొప్పి ఎంత అత్తయ్యా అని అడిగితే గోడవైపు చూస్తూనే, నీ ఇష్టం, ఏదో ఒకటి వేసుకో అంది.

కోడలు రెండు వేసింది. ఆ రెండు వేస్తుంటే మాత్రం చెయ్యి తేలికపడలేదు.

మొగుడు వచ్చి, అమ్మ ఇవాళ ముభావంగా ఉందేం అన్నాడు. కోడలు నిద్రొస్తోందేమో అంది. పదహారేళ్ళుగా వింటున్న సాధింపు ఆ రోజు లేదు. దిండు ఎత్తమనలేదు, దించమనలేదు. ఆ నిశ్శబ్దానికి కోడలికి అన్నం సయించలేదు.

*

శనివారం పొద్దున ఒళ్ళు తుడిచి, దుప్పటి ముడతలు తీద్దామని మంచానికి అటువైపు, గోడవైపు సందులోకి వెళ్ళింది. దుప్పటి అంచు చేతికి తగిలి ఆగింది. గురువారం పొద్దున కప్పిన దుప్పటి, గట్టి అంచున్నది. ఇప్పుడు అటువైపు మూరెడు మేర కుట్టు ఊడిపోయి ఉంది. మడత విచ్చుకుని, పోగులు పోగులుగా దారాలు లాగి ఉన్నాయి. కొన్ని తెగి ముడిపడి ఉన్నాయి. ఇటువైపు, కుర్చీ వేసే వైపు, అంచు చెక్కుచెదరలేదు.

నలభై ఏళ్ళు కుట్టిన మనిషి. ఎక్కడైనా ఒక పోగు వేలాడితే పంటితో కొరికి సరిచేసేదాకా ఊరుకోని మనిషి. కోడలు ఆ అంచు పట్టుకుని నిలబడిపోయింది. అడుగుదామని నోరు తెరిచింది గానీ అత్తగారు కళ్ళు మూసుకుంది. అంకె అడిగితే, నీ ఇష్టం అనే మాటే మళ్ళీ వచ్చింది. పొద్దుటి గడిలో రెండు, మధ్యాహ్నం గడిలో రెండు, చేతికి వచ్చిందేదో వేసింది.

నాలుగింటికి రెండు గంటలావిడ వచ్చింది. ఎండలో నడిచొచ్చిందేమో, నుదుటి మీద చెమట. కుర్చీ లాక్కుని కూర్చుని, బస్సులో పక్క సీటాయన నిద్రపోయి తన భుజం మీదే గురకపెట్టిన వైనం చెప్పింది. అత్తగారు నవ్వింది. అదే నవ్వు. వంటింట్లో కోడలు ఈసారి గిన్నె పట్టుకోలేదు. పంపు చప్పుడు మారినట్టుంది చూస్తాను అని చెప్పి గదిలోకి వచ్చి, మంచానికి అటువైపు సందులోకి వెళ్ళి, పంపు గొట్టం చూస్తున్నట్టు వంగింది.

ఎడమచెయ్యి దుప్పటి కింద ఉంది. దుప్పటి కొస కాస్త తొలిగితే కనిపించింది. ఊడిన దారం చూపుడువేలికి చుట్టు మీద చుట్టు చుట్టుకుని బిగించి ఉంది. వేలి కొస నీలంగా మారింది. బొటనవేలు ఆగకుండా అంచుని నలుపుతోంది, నలిపి నలిపి ఇంకో పోగు లాగుతోంది. మంచానికి ఇటువైపు, ఆ గురక పెట్టినాయన ఏ స్టాపులో దిగాడు అని అత్తగారి నోరు అడుగుతోంది. ముఖం నవ్వుతోంది.

కోడలు గొట్టం పట్టుకుని అలాగే వంగి ఉంది. గురువారం తల దువ్వించుకున్నప్పుడు కూడా ఎడమచెయ్యి దుప్పటి కిందే ఉంది. మంగళవారం కూడా అక్కడే ఉండి ఉంటుంది. మూడు వారాలూ అంతేనేమో. ఎనిమిది, తొమ్మిది అని ఆ నోరు ఒక్కరికే చెప్పింది. చెప్పించుకున్న మనిషి పెన్సిలు పట్టుకుని దాన్ని మూడు చేసింది, రెండు చేసింది, పెరగాల్సిన మందుని పెరక్కుండా చేసింది. ఆ పైన ఓర్చుకోండి అని వెటకారమాడింది.

వంటింట్లోకి వెళ్ళింది. హాస్పిస్ వాళ్ళు ఇచ్చిపోయిన ఫైలు అట్ట మీద వాళ్ళ ఫోను నంబరు పెద్ద అక్షరాల్లో ఉంది, ఎప్పుడైనా చెయ్యండి అని. చేస్తే తన పని ఏమవుతుందో తెలుసు. నర్సుకి తెలుస్తుంది, ముందుగదిలో కూర్చున్నావిడకి తెలుస్తుంది, రాత్రికి మొగుడికి తెలుస్తుంది. మంచంలో ఉన్న మనిషి నొప్పిని దాచిపెట్టిన కోడలు. ఆ మాట పడ్డాక ఈ వీధిలో ముఖమెత్తి తిరగడం ఎలా? చెయ్యకపోతే సోమవారం నర్సు వచ్చి అంకెలు చూసి, బాగుందనుకుని, మళ్ళీ ఇలాగే ఉంచుదాం అంటుంది.

నంబరు నొక్కింది. అవతల నర్సు గొంతు వినగానే ఒక్క గుక్కలో చెప్పేసింది, కాగితంలో నేను వేసినవన్నీ అబద్ధం సిస్టర్, కావాలనే వేశాను అని. పక్క వీధిలోనే ఉన్నాను, వస్తున్నా అంది నర్సు.

*

పావుగంటలో వచ్చింది. కోడలు గుమ్మంలోనే నిలబెట్టి ఎడమచెయ్యి సంగతి, పోగుల సంగతి చెప్పింది. నర్సు మంచం దగ్గరికి వెళ్ళి నొప్పి ఎంత పెద్దమ్మా అని మామూలుగా అడిగింది.

బానే ఉందమ్మా, రెండు అంది అత్తగారు. ఇవాళ కూడా వచ్చావా పాపం, కూర్చో అని కూడా అంది.

నర్సు కోడలివైపు చూసింది. నువ్వు అడుగు అన్నట్టు తల ఊపింది. కోడలు సందులోకి వెళ్ళి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి, ఆ వేలికి చుట్టుకున్న దారం ఒక్కో చుట్టే విప్పింది. కొసలో మళ్ళీ ఎరుపు పాకేదాకా వేలిని పట్టుకుని ఉంది. అప్పుడు చెప్పింది.

"మీరు ఎనిమిది అంటే నేను మూడు వేశాను అత్తయ్యా. తొమ్మిది అన్నా మూడే వేశాను. ఆవిడతో నవ్వుతున్నారని కుళ్ళుకున్నాను. నాకు మళ్ళీ చెప్పండి. ఈసారి మీరు చెప్పిందే వేస్తాను."

రెండు గంటలావిడ తల వంచుకుంది. అత్తగారు చాలాసేపు కోడలి ముఖంలోకి చూసింది. తరవాత గొంతు తగ్గించి, వాళ్ళని కాస్త అవతలికి పంపు అంది.

ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. తలుపు సరిగ్గా మూతపడదని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

అత్తగారి ముఖంలోంచి నవ్వు దిగిపోయింది. అది పోయాక ఆ ముఖం ఎంత చిన్నదైపోయిందో కోడలు అప్పుడు చూసింది. పెదవులు వంకరపోయాయి, కళ్ళల్లో నీళ్ళు వాటంతటవే కారాయి.

"పది. నిన్నటి నుంచీ పదేనే. నా వల్ల కావట్లేదు" అంది.

"మరి ఆవిడకి రెండు అంటారేం అత్తయ్యా?"

"పని మానుకుని చూడ్డానికొచ్చిన మనిషి ముందు ఎవరైనా మూలుగుతారుటే? నాలుగు మాటలు చెప్పి నవ్వించి పంపాలి గానీ."

"నా ముందో?"

"నీ ముందేమిటే," అని అత్తగారు విసుక్కుంది, ఆ ప్రశ్నకి అర్థమే లేనట్టు. "నువ్వు ఇంట్లోదానివి. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?"

కోడలు లేచి వంటింటి తలుపు తీసి, పది సిస్టర్ అంది.

నర్సు డాక్టరుతో ఫోనులో మాట్లాడింది. వెంటనే ఇవ్వాల్సింది అదనంగా ఇచ్చింది, ఇకనుంచి గీత ఎక్కడిదాకా లాగాలో సిరంజి మీద కోడలికి చూపించింది. అరగంటకి అత్తగారి భుజాలు దిండులోకి దిగాయి. నర్సు కాగితం ముందు నిలబడి, తప్పు అంకెల మీద అడ్డగీత కొట్టి, అసలివి ఎంతెంతో కొన్నయినా గుర్తున్నాయా అక్కా అని అడిగింది.

కోడలు కాగితం వంక చూడకుండానే చెప్పింది. బుధవారం పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం ఏడు, సాయంత్రం ఎనిమిది. గురువారం పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం ఎనిమిది. శుక్రవారం తొమ్మిది, తొమ్మిది. అక్కడ ఆగింది. శుక్రవారం సాయంత్రం నుంచి నాకు చెప్పడం మానేసింది అంది. నర్సు ఆ గడులు ఖాళీగా వదిలింది. తిడుతుందనుకుంది కోడలు. తిడితే పడదామని కూడా అనుకుంది. నర్సు పెన్సిలు దారానికి వదిలేసి, మాకు ఎవరూ నిజం చెప్పరక్కా, అందుకే ఈ కాగితం మీ చేతికిచ్చేది, ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు అని మాత్రం అంది. ఆ మెత్తదనమే కోడలికి ఎక్కువ తగిలింది.

ఆరవుతోంది. రెండు గంటలావిడ వంటింట్లో గట్టు దగ్గరే నిలబడి ఉంది. సంచీలోంచి చీర ముక్క చుట్ట తీసి గట్టు మీద పెట్టింది. మాకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదని నియమం, ఆరోజు పెద్దావిడ మనసు కష్టపెట్టలేక పట్టుకెళ్ళాను అంది. వెళ్ళబోతూ ఆగింది.

"మా అమ్మ ఆస్పత్రిలో పన్నెండు రోజులుంది. రోజూ ఎలా ఉందమ్మా అంటే రోజూ బానే ఉంది అనేది. లెక్కల టీచర్ని కదా, చెప్పిన అంకె నమ్మి ఇంటికెళ్ళి పడుకునేదాన్ని. నాకు ఒక్కరోజు కూడా పది అని చెప్పలేదు." చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ, కోడలి వంక చూడకుండా అంది: "నిన్ను చూస్తే ఈర్ష్యగా ఉందమ్మా."

మంగళవారం వస్తారు కదూ అంది కోడలు. వస్తానంది ఆవిడ. ఆ మాట అడిగింది తనేనా అని కోడలికే ఆశ్చర్యం వేసింది.

రాత్రి అన్నాల దగ్గర మొగుడికి అంతా చెప్పింది. అతను ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. కోపంగా ఏదో అనబోయి, గోడమీది కాగితం దాకా వెళ్ళి అడ్డగీతలన్నీ చూసి, మంగళవారం తనన్న జోకు గుర్తొచ్చిందో ఏమో, తిరిగొచ్చి కూర్చుని తలవంచుకుని తిన్నాడు. ఆ వారం మళ్ళీ అతను జోకు వెయ్యలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం. అత్తగారి చేతులు రెండూ దుప్పటి పైన ఉన్నాయి, కదలకుండా. దుప్పటి మార్చి, ఊడిన దాన్ని ఒళ్ళో వేసుకుని కోడలు మంచం పక్క కుర్చీలో కూర్చుంది. సూదిలో దారం ఎక్కించింది. వేలాడుతున్న పోగులు కత్తిరించాలి. గట్టు మీంచి చీర ముక్క చుట్ట తెచ్చుకుంది గానీ విప్పడానికి చెయ్యి రాలేదు. అత్తయ్యా, కత్తెర తీసుకోనా అంది.

అత్తగారు సగం కళ్ళు తెరిచి చూసింది. వద్దనలేదు. కోడలు చుట్ట విప్పింది. కత్తెర అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పోగులు చప్పుడు లేకుండా తెగాయి.

అంచు మడిచి చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. జానెడు కుట్టాక అత్తగారి చెయ్యి మెల్లిగా జరిగి ఆమె ఒళ్ళోని దుప్పటి దగ్గరికి వచ్చింది. కోడలి చూపు ఆ వేళ్ళ మీదికి వెళ్ళింది. సూది ఆపి ఎంత అత్తయ్యా అని అడిగింది.

"మూడు" అంది అత్తగారు. నర్సుతో, రెండు గంటలావిడతో మాట్లాడే గొంతు కాదది.

కోడలు లేచి కాగితం మీద మూడు వేసింది. కొట్టేసిన మూళ్ళ పక్కన ఆ మూడు వేస్తూ, దాన్ని ఒకసారికి రెండుసార్లు చూసుకుంది. వెనక్కి వచ్చి కూర్చునేసరికి అత్తగారి బొటనవేలు కొత్తగా కుట్టిన అంచు మీద నడుస్తోంది. నొప్పికి నడిచే నడక కాదు, తాపీగా, కుట్టు కుట్టుకీ ఆగుతూ. చివరిదాకా పోయి ఆగింది.

"వంకర. మొత్తం వంకర. పదహారేళ్ళ నుంచి చెప్తున్నా, నీకు చెయ్యి నిలవదు. విప్పి మళ్ళీ కుట్టు" అంది.

కోడలు తల వంచుకుని, ఒళ్ళోని దుప్పటి మీద పడ్డ నీటిచుక్క చేత్తో తుడిచేసి, మొదటి కుట్టు నుంచి విప్పడం మొదలుపెట్టింది.